తవిటమ్మ కుప్పలో తగ్గిన అడుగు

గత్తం కుప్ప వేయడంలో నన్ను మించినవాడు మూడు మండలాల్లో లేడు. ఈ మాట ఇంకెవరైనా అంటే బాగుండేది గానీ, ఎవరూ అనకపోవడం వల్ల నేనే అనవలసి వస్తోంది. పేడా, ఆకూ అలమూ, పొయ్యిలో బూడిదా పొరలు పొరలుగా వేసి కుళ్లబెట్టిన ఎరువుని మా వైపు గత్తం అంటారు. నేను వేసిన గత్తానికి ఒక ఏడాది ఎంత వంకాయ కాసిందంటే, దాని నీడన ఇద్దరు మనుషులు చతికిలబడి, చెరో చుట్టా కాల్చుకుని, ఊళ్లో అందరి గుట్టూ మాట్లాడుకుని, ఎండ వాలాక లేచి వెళ్లారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే కాబట్టి సాక్ష్యానికి లోటు లేదు.

ఈ సంగతి కంచరవలస టీకొట్టు దగ్గర నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు ఎవరికీ నష్టం జరగలేదు. వెయ్యోసారి చెబుతున్నప్పుడు పక్క బల్ల మీద ఒక కొత్తాయన టీ తాగుతున్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో రిజిస్టరు, జేబులో కొలిచే టేపు. నేను చెప్పినదంతా విని, నవ్వకుండా, రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు: "కంచరవలస. కుప్ప నిపుణులు, ఒకరు."

ఆ వంకాయ సంగతి విని నవ్వనివాణ్ణి చూడడం నాకదే మొదలు. అప్పుడే భయపడవలసింది.

ఆయన పేరు ధర్మలింగం. సేంద్రియ వ్యర్థాల సద్వినియోగ సంస్థ అని కొత్తగా ఒకటి పెట్టారు. అందులో ఆయన కొలతల పర్యవేక్షకుడు. మందుల ఎరువులతో నేల చచ్చిపోతోంది కాబట్టి కూరగాయల రైతులందరిచేతా కుప్పలు వేయించాలని సంస్థ సంకల్పం. సంకల్పానికి నేను వంక పెట్టను, బంగారంలాంటిది. కుప్ప వేసినవాళ్లకి పొలంలో డ్రిప్పు గొట్టాలు ఊరికే పరుస్తారు. కుప్ప విషయంలో తేడా వస్తే ఆ గొట్టాలు చాపలా చుట్టుకుని పట్టుకుపోతారు.

మా ఊళ్లో ముందుగా పేరిచ్చింది తవిటమ్మ. నాకు వరసకి మరదలు. నోరు పెద్దది, పొలం యాభై సెంట్లు. అత్తగారి దగ్గర నుంచి వచ్చిన చారల వంగ విత్తనం ఒకటి ఆవిడ దగ్గర ఉంది. ఆకుపచ్చ మీద తెల్ల చారలు, తొడిమ నిండా ముళ్లు. పులుసులో వేస్తే ముక్క ముక్కలాగే ఉంటుంది, నోట్లో వేసుకుంటే మాత్రం ఉండదు. ఆ విత్తనం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఆవిడ దగ్గరా చిటికెడే మిగిలింది, తక్కినదంతా ఎలకలు తినేశాయి. దానికి తోడు ఏళ్ల తరబడి యూరియా మీద బతికిన నేల గచ్చులా బిగిసిపోయింది. నిరుడు వంగ మొక్కలు మోకాలెత్తు ఎదిగి, గోలీకాయంత కాసి, అక్కడితో ఊరుకున్నాయి.

"ఈ ఏడు గత్తం ఏసి ఇత్తనం నిలబెట్టుకోవాల బావా. ఈ సిటికెడూ పోతే మా అత్త పైనుంచి దిగొచ్చి మరీ తిడతాది" అంది తవిటమ్మ.

ఆవిడ వైశాఖంలో కుప్ప వేసింది. ఎండుటాకు ఒక వరస, కానుగ మండలు ఒక వరస, పేడనీళ్లు, బూడిద, మళ్లీ ఎండుటాకు. కుప్ప పూర్తయిన రోజున ధర్మలింగం టేపు పట్టుకుని వచ్చాడు. కుప్పని ముట్టుకోకుండా టేపు ఒక కొస నాచేత పట్టించి కొలిచాడు.

"పొడవు పన్నెండు, వెడల్పు ఆరు, ఎత్తు నాలుగడుగులు. మొత్తం రెండు వందల ఎనభై ఎనిమిది ఘనపుటడుగులు" అని రాసుకున్నాడు. "అమ్మా, ఈ క్షణం నుంచి ఇది చెత్త కాదు, సేంద్రియ రాశి. సంస్థ ఆస్తి."

"నా గత్తమే కదా బాబూ" అంది తవిటమ్మ.

"మీ ఆధీనంలో ఉన్న సంస్థ ఆస్తి."

ఆవిడ నావైపు తిరిగింది. "ఏటంతన్నాడు బావా?"

"నీదే. కాకపోతే ఆయన్నడిగి నీదనుకోవాల" అన్నాను.

కుప్ప నాలుగు మూలలా రాతి స్తంభాలు పాతించి, సరిగ్గా నాలుగడుగుల ఎత్తున వాటి చుట్టూ తెల్ల సున్నం గీత గీయించాడు. 'నిర్ణీత ఎత్తు' అని దాని పక్కన రాయించాడు. నిపుణుణ్ణి కాబట్టి నాచేత సంతకం పెట్టించాడు. నేను పెట్టాను. సంతకం పెట్టమంటే ఎందుకని అడిగే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

నెల తిరిగేసరికి కుప్ప మూడడుగులకి దిగింది.

కుప్ప వేసిన ప్రతి రైతుకీ తెలిసిన సంగతి ఇది. ఆకు కుళ్లుతుంది, మెత్తబడుతుంది, కుంగుతుంది. నాలుగడుగుల కుప్ప మూడు నెలలకి రెండడుగులైందంటే గత్తం పండిందని అర్థం. కుంగకపోతేనే దిగులు పడాలి. కానీ ధర్మలింగం రిజిస్టరులో కుళ్లడానికి ప్రత్యేకంగా గడి లేదు. ఎత్తుకి ఉంది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. తవిటమ్మకి చదువు రాదు కనుక నేనే చదివాను.

"విషయం: సేంద్రియ రాశి ఎత్తులో లోటు. సంజాయిషీ కోరుట. సదరు రాశి నిర్ణీత ఎత్తు నాలుగడుగులు కాగా, తనిఖీ నాటికి మూడడుగులు మాత్రమే ఉన్నట్లు గమనించడమైనది. మిగిలిన ఒక అడుగు ఎచ్చటకు తరలించబడినదో, ఎవరి ఉత్తర్వుల మేరకు తరలించబడినదో, ఏడు దినములలోగా తెలియజేయవలసినది. లేనియెడల గొట్టములు వెనుకకు తీసుకొనబడును."

తవిటమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. "అడుగెక్కడికి ఎల్తాది? కిందికే ఎల్లింది. కుల్లితే కుంగదేటి? సచ్చినాక మనం కుంగమేటి?"

"అలా రాస్తే బాగుండదే."

"బాగున్నట్టు నువ్వే రాయి మరి. నిపునుడివి."

నేను కూర్చుని నా శక్తికొద్దీ రాశాను: "అయ్యా, ఆ అడుగు ఎక్కడికీ తరలిపోలేదు. కొంత గాలిలో కలిసింది, కొంత కిందికి దిగింది. గత్తం స్వభావమే అంత." పది రోజులకి జవాబు వచ్చింది. "గాలిలో కలిసిన భాగమునకు సంబంధించి ముందస్తు అనుమతి పత్రము జతపరచలేదు. స్వభావము అను అంశము సంస్థ మార్గదర్శకములలో ప్రస్తావించబడలేదు. కావున విచారణకు ఆదేశించడమైనది."

విచారణకి ఉపసంచాలకులు కూర్మనాథం గారు స్వయంగా వచ్చారు. తెల్లటి చొక్కా, ముక్కు మీద మడత పెట్టిన రుమాలు. సగం పండిన గత్తం వాసనే కొట్టదు. అయినా రుమాలు తెచ్చుకున్నారు కాబట్టి పెట్టుకున్నారు. తవిటమ్మ పాక ముందు కుర్చీలు వేశాం. ధర్మలింగం టేపు చూసి ప్రకటించాడు.

"నేటి ఎత్తు రెండున్నర అడుగులు సార్. గతంలో పోయిన అడుగు గాక, ఇంకో అర అడుగు అదృశ్యం."

"విచారణ కొనసాగుతుండగానే" అన్నారు కూర్మనాథం గారు. "ఎంత ధైర్యం. ఈ లోటుకి బాధ్యులెవరు?"

"వానపాములండి" అన్నాను నేను. "అవి అడుగు నుంచి తింటూ వస్తాయి."

"ధర్మలింగం, లబ్ధిదారుల జాబితాలో వానపాములు ఉన్నాయా?"

ధర్మలింగం జాబితాని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాడు. "లేవు సార్."

"అంటే అనర్హులు ప్రయోజనం పొందుతున్నారు."

"తినకపోతే గత్తమెలాగౌతాది బాబూ?" అంది తవిటమ్మ.

"అనర్హులు తినడం వల్ల మేలు జరుగుతుందన్న వాదన మాకు కొత్త కాదమ్మా. ప్రతి శాఖలోనూ వింటున్నాం" అన్నారు కూర్మనాథం గారు. వెంటనే అనర్హుల సంఖ్య తేల్చమని ధర్మలింగానికి చెప్పారు. పాపం అతను కర్రపుల్లతో గుచ్చి చూస్తూ మధ్యాహ్నం దాకా లెక్క పెట్టాడు. రెండు వందల పద్నాలుగు దగ్గర ఒక వానపాము పుల్ల తగిలి రెండైంది. దాన్ని ఒకటిగా నమోదు చేయాలా, రెండుగా చేయాలా అని పైవాళ్ల స్పష్టత కోరుతూ అక్కడితో ఆపేశాడు.

తరవాత కూర్మనాథం గారు నావైపు తిరిగారు. "మీరు నిపుణులని నమోదై ఉంది. శాస్త్రీయంగా చెప్పండి. మీరు వేసిన కుప్పలు కూడా ఇలాగే కుంగాయా? ఏ నెలకి ఎంత?"

తవిటమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

ఇక్కడ నిజం చెప్పక తప్పలేదు. "అయ్యా, నాకు డెబ్భై నాలుగేళ్లు. ఈ చేతుల్తో ఇంతవరకూ ఒక్క కుప్ప వేయలేదు. పేడ ముట్టుకుంటే నాకు దద్దుర్లు వస్తాయి. తవిటమ్మ అత్తగారు వేస్తుంటే గట్టు మీద కూర్చుని సలహాలిచ్చేవాణ్ణి, ఆవిడ ఒక్కటీ వినేది కాదు. ఆ పెద్ద వంకాయ కూడా ఆవిడ కాయించిందే. దాని నీడన ఇద్దరు కూర్చోలేదు. నేనొక్కణ్ణే పడుకుని, అరచేతిలో వంకాయ పట్టుకుని, కళ్ల మీద ఎండ పడకుండా అడ్డం పెట్టుకున్నాను."

నా గుండె తేలికపడింది. కూర్మనాథం గారు మాత్రం కనుబొమ్మ కూడా ఎత్తలేదు. "రిజిస్టరులో నిపుణుడిగా నమోదైన వ్యక్తి తాను నిపుణుణ్ణి కాదని తేల్చడానికి ఆయనకి ఉన్న నైపుణ్యం ఏమిటి? కాబట్టి ఆ వాంగ్మూలం చెల్లదు. ధర్మలింగం, 'నిపుణులు వినయశీలి' అని రాసుకో."

అలా నేను ఇప్పటికీ నిపుణుణ్ణే.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. మొదటిది, రాశి ఎత్తు ఎల్లవేళలా తెల్ల గీతకి సమానంగా ఉండాలి; తగ్గినంత మేరా ప్రతి సోమవారం పదకొండు గంటల లోపు ఆకు వేసి నింపాలి. రెండోది, పచ్చి ఎరువు పంటకి హాని గనుక, తొంభై రోజులు నిండకుండా రాశిని వాడకూడదు. తొంభై రోజులూ రాశిలో చివరిసారి ఆకు పడిన తేదీ నుంచి లెక్క.

కార్లు వెళ్లాక తవిటమ్మ గడప మీద కూర్చుని వేళ్లు మడిచింది. "ఈ సోమారం ఏత్తే తొంబై. పై సోమారం ఏత్తే మల్లా తొంబై. ఆ పై సోమారం మల్లా." మడవడానికి వేళ్లు అయిపోయాయి. "ఇది ఎప్పటికి పండుతాది బావా?"

"ప్రతి సోమవారం దానికి బారసాల. ఇంక పెద్దయ్యే పని లేదు."

వెనకబడి స్తంభాలు సరిచూసుకుంటున్న ధర్మలింగం ఈ మాట విన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఆకు వేయడం ఆపితే తొంభై లెక్క మొదలవుతుందమ్మా."

"ఆపీమంతావా అయితే?"

"ఆపితే ఎత్తు తగ్గుతుంది. తగ్గితే గొట్టాలు తీసేస్తారు."

"మరి?"

"రెండూ మంచి నిబంధనలేనమ్మా" అన్నాడు ధర్మలింగం దిగులుగా. "వేరువేరుగా ఉన్నప్పుడు."

తవిటమ్మ ఆ చిటికెడు విత్తనమూ నారుమడిలో చల్లింది. ప్రతి సోమవారం గంప నిండా ఆకు తెచ్చి కుప్ప మీద పోసింది. ధర్మలింగం వచ్చేవాడు, తెల్ల గీతకి కన్ను ఆనించి చూసేవాడు, 'సరి' అని రాసుకుని వెళ్లేవాడు. పైన ఆకు పచ్చగా నవనవలాడుతుండేది. అడుగున మాత్రం వైశాఖంలో వేసిన ఆకు ఎవరి ఉత్తర్వూ కోసం ఆగకుండా కుళ్లి, నల్లబడి, పొడిపొడిగా విడిపోయి తయారైంది.

నారు మొలిచి నెల దాటింది. వంగనారు నెలా పది రోజుల్లో నాటాలి. ముదిరిందంటే కాడ పుల్లబారిపోతుంది, నాటినా నిలదొక్కుకోదు. మొక్కలు ఇరుకుమడిలో ఒకదాని మీదొకటి ఎగబడి సన్నగా సాగుతున్నాయి. ఒకరోజు తవిటమ్మ చీరచెంగులో రెండు గుప్పెళ్లు గత్తం కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని సంస్థ ఆఫీసుకి వెళ్లింది. కూర్మనాథం గారి బల్ల మీద చెంగు విప్పి పోసింది. టీపొడిలా నల్లగా ఉంది. తొలి చినుకు పడ్డ పొలం వాసన గదంతా వచ్చింది.

"సూడండి బాబూ, పండిపోనాది. ఇది తోలుకోనిత్తే నా నారు బతుకుతాది. ఆరు రోజులు దాటితే ఇంక నాటినా నాటనట్టే. ఆ ఇత్తనం మల్లీ దొరకదు."

కూర్మనాథం గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ఇది నమూనా. నమూనా సేకరించడానికి మీకు అధికారం ఎవరిచ్చారు?"

"నా సేతిలో పట్టిందే తెచ్చాను బాబూ."

"అనధికార నమూనా అయినా, వచ్చినది వచ్చింది. ప్రయోగశాలకి పంపిస్తాం." ఆ రెండు గుప్పెళ్లూ కాగితం కవరులోకి ఎత్తించి, లక్క సీలు వేయించారు. బల్ల తుడిపించి ఆ తుడుపు గుడ్డని కూడా ఇంకో కవరులో పెట్టించారు.

నివేదిక విచిత్రంగా తొందరగానే, నాలుగో రోజుకి వచ్చింది. ధర్మలింగం స్వయంగా తెచ్చి ఇచ్చాడు. నేను పైకి చదివాను: "సమర్పించిన నమూనాలో ఆకులు గానీ, పేడ గానీ, ఇతర వ్యర్థములు గానీ కనబడలేదు. మంచి మట్టి వలె ఉన్నది. సదరు రాశి ఆకులు, పేడ, ఇతర వ్యర్థములతో కూడినదని రిజిస్టరులో నమోదై ఉన్నందున, ఈ నమూనా సదరు రాశికి చెందినది కాదని నిర్ధారించడమైనది."

తవిటమ్మ నారుమడి వైపు చూసింది, కుప్ప వైపు చూసింది.

"బావా, ఇంకోపాలి సదువు. ఆ ఆకరి ముక్క."

చదివాను.

"అంటే, ఆ నల్లది ఈ కుప్పలోది కాదు."

"కాదని రాశారు."

"కుప్పలోది కాపోతే, అది తీసుకుంతే కుప్పలోంచి తీసినట్టు కాదు."

నేను కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాను. మూడు మండలాల్లో నన్ను మించినవాడు లేడేమో గానీ నన్ను మించినది ఒకర్తె పక్క పొలంలోనే ఉంది.

"ఇంకో సంగతి సెప్పు. ఎత్తు తగ్గకూడదన్నారు గానీ, కింద నుంచి తియ్యకూడదని ఎక్కడైనా రాసున్నాదేటి?"

ఉత్తర్వు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చూశాను. లేదు. కింద అనే మాటే లేదు. వాళ్లు కుప్పని ఎప్పుడూ గీత దగ్గరే చూశారు.

ధర్మలింగం మాతోనే నిలబడి ఉన్నాడు. రిజిస్టరు మూశాడు. "నా పని సోమవారం పదకొండు గంటలకి ముందువైపు నుంచి ఎత్తు చూడడం వరకే. ఇవాళ గురువారం" అని, అటూ ఇటూ చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే, ఎండ నడినెత్తి మీద ఉండగా, తవిటమ్మ కుప్ప వెనకవైపు పాదం దగ్గర గునపంతో ఒక కన్నం పెట్టింది. అడుగు నుంచి నల్లటి గత్తం గలగలా జారింది. తట్ట నింపింది, ఇంకో తట్ట నింపింది. లోపల బోలు పడ్డకొద్దీ పైనున్న ఆకు కిందికి దిగేది. దిగినంతా పైన మళ్లీ కొత్త ఆకు వేసేది. నేను గట్టు మీద కూర్చుని తట్టలు లెక్కపెట్టాను. ఈ సహాయం నా వల్ల అవుతుంది. మూడు రోజుల్లో అరవై రెండు తట్టలు. పొలమంతా చల్లడానికి అది చాలదు కాబట్టి పాదు పాదుకీ రెండేసి గుప్పెళ్లు వేసి కలిపి, చల్లపూట నారు నాటి, గొట్టాలు విప్పింది.

మొక్కలు వారం రోజులు తల వాల్చుకున్నాయి. పన్నెండు మొక్కలు పోయాయి కూడా. నాటే గడువుకి ఒక్క రోజు మిగిలి ఉండగా నాటిన నారు మరి. ఆ వారం తవిటమ్మ నాతో ఒక్క హాస్యమైనా ఆడలేదు. తొమ్మిదో రోజు పొద్దున్న కొత్త చిగురు కనబడింది. గత్తం తగిలిన నేల మెత్తబడి, నీళ్లు పట్టి ఉంచింది. అక్కడి నుంచి ఆ మొక్కలు ఎదగడం ఎదగడం కాదు. మధ్యాహ్నం చేలో నిలబడితే ఆకులు విచ్చుకునే చప్పుడు నాకు వినిపించేది. తవిటమ్మ మాత్రం అది నా చెవిలో రొద అంటుంది. కాయలు దిగాయి, చారలతో సహా. మొదటి కోతకి ముందే నిగనిగలాడే పది కాయలు విత్తనానికి గుర్తుగా దారం కట్టి వదిలేసింది.

కార్తీకంలో సంస్థ వాళ్లు జిల్లా మొత్తం కుప్పలన్నిటినీ మదింపు చేశారు. అన్ని ఊళ్లలోనూ కుప్పలు కుంగిపోయాయి. కొందరు గొట్టాలు పోగొట్టుకున్నారు, కొందరు కుప్పలో రాళ్లు పేర్చి పైన ఆకు కప్పారు. మా కంచరవలస కుప్ప ఒక్కటే సరిగ్గా గీతకి ఉంది. ఉత్తర్వు వచ్చాక ఏ సోమవారం చూసినా అంగుళం తగ్గలేదు, అంగుళం పెరగలేదు. జిల్లాలోకెల్లా అత్యంత స్థిరమైన సేంద్రియ రాశిగా దాన్ని ఎంపిక చేశారు.

సన్మానానికి షామియానా వేశారు. పైఆఫీసు నుంచి నలుగురైదుగురు వచ్చారు. కుప్ప మీద బంతిపూల దండ వేశారు. కూర్మనాథం గారు మైకు పట్టుకున్నారు.

"సేంద్రియ రాశులు కుంగుట సహజమని కొందరు దుష్ప్రచారం చేసిరి. చిత్తశుద్ధి యుండిన కుంగదని ఈ రాశి నిరూపించినది. ఇది కుళ్లలేదు, తరగలేదు, ఒరగలేదు. ఇటువంటి రాశియే సంస్థకు ఆదర్శము."

అప్పుడు వాళ్ల చూపు పక్కనున్న వంగతోట మీద పడింది. కాయల బరువుకి కొమ్మలు నేలనానుతున్నాయి.

"ఈ పంటకి ఏ ఎరువు వాడావమ్మా?" అని అడిగారు కూర్మనాథం గారు.

తవిటమ్మ నిజం చెప్పడానికి నోరు తెరిచింది. ధర్మలింగం ఆకాశం వైపు చూశాడు. గొట్టాలు ఇంకా పొలంలోనే ఉన్నాయని ఆవిడకి గుర్తొచ్చింది.

"కుప్పలోది గుప్పెడు తీసినట్టు మీ కాయితాల్లో ఉన్నాదేటి బాబూ?"

"లేదు."

"యూరియా కొన్నట్టు ఉన్నాదేటి?"

"అదీ లేదు."

"మరింకేటి ఏస్తాను?"

పెద్దలు అక్కడే ఒక పక్కకి వెళ్లి సంప్రదించుకున్నారు. కుప్ప ఉంది, ఎరువు వాడలేదు, దిగుబడి పెరిగింది. నెల తిరక్కుండా జిల్లా అంతటికీ ఉత్తర్వు వచ్చింది. సేంద్రియ రాశి పొలానికి చేరువలో ఉన్న మాత్రానే దిగుబడి పెరుగునని క్షేత్రస్థాయిలో రుజువైనందున, ఇకపై రాశులను వాడరాదు. పంటకు ఎదురుగా, మొక్కలకు చక్కగా కనబడునట్లు నిర్మించవలెను. నడుమ దడి, గోడ, పశువులు అడ్డు రాకుండా చూడవలెను. మా పొరుగూళ్లో ఒకాయన వంగచేనుకి కుప్ప సరిగా కనబడడం లేదని తన పాక కప్పు దించుకున్నాడు.

సన్మానం రోజున జరిగింది ఇంకొకటి ఉంది. ఉపన్యాసాలు సాగుతుండగా పైఆఫీసు వాళ్లలో ఒక పెద్దాయన, నెరిసిన మీసం, పాత చెప్పులు, మెల్లగా లేచి కుప్ప వెనకవైపు నడిచాడు. నేనూ తవిటమ్మా వెనకాలే పరిగెత్తాం. మేము వెళ్లేసరికి ఆయన కన్నం ముందు గొంతుక్కూర్చుని మోచేతి దాకా లోపలికి పెట్టి ఉన్నాడు. గుప్పెడు గత్తం తీశాడు. నలిపి చూశాడు, వాసన చూశాడు. ఒక వానపాము కనబడితే దాన్ని వేలితో లోపలికి పంపించాడు.

"ఎన్ని తట్టలు తీశావమ్మా?"

"అరవై రెండు బాబూ" అంది తవిటమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"మలి పూతకి ముందు ఇంకో ఇరవై తీసి మొదళ్లలో వెయ్యి. కొత్త ఆకు అడుగుకి దిగకుండా చూసుకో." లేచి, అక్కడ పడి ఉన్న తాటాకు చాప ఒకటి తెచ్చి కన్నానికి అడ్డంగా ఆనించాడు. మళ్లీ వెళ్లి తన కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఈ కథంతా మొన్న తవిటమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వింది. విచారణ దగ్గర నవ్వింది, నారు వాలిపోయిన దగ్గర ఊరుకుంది. అంతా అయ్యాక తలెత్తింది.

"అన్నీ బాగానే సెప్పావు బావా. ఆ సెయ్యి పెట్టినాయన ఎవరు? నాకు కనబళ్లేదే."

"ఎవరూ లేరు" అన్నాను. "నోటీసూ జరిగిందే, వానపాముల లెక్కా జరిగిందే, పాక కప్పు దించుకున్నాయన్ని నువ్వూ ఎరుగుదువు. ఆ ఒక్కాయన్నే నేను కల్పించాను. ఆ రోజు కుప్ప వెనక్కి ఎవరూ రాలేదు."

"మరెందుకు పెట్టావు?"

"ఉంటే బాగుండునని."

ఆవిడ ఇంకో నాలుగు కాయలు ఈనె తీసింది.

"ఉండనీ అయితే. తీసీకు" అంది. "ఒకేల నిజంగా వొత్తే, సెయ్యి కడుక్కోడానికి సెంబుడు నీల్లు ఇత్తాను."